మట్టి చేతులు – 6: మీది కుమ్మరోళ్ల ఇల్లేనా?



కుండలు చేసి బతకొచ్చా అని అడిగే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. అడిగేవాళ్లలో మాల పిల్లలున్నారు, మాదిగ పిల్లలున్నారు, డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదివి చదివి అలిసిపోయినవాళ్లున్నారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి లెక్క, ఇంకొకటి కులం. లెక్క ముందు చెబుతా. ఎంత మిగులుతుందో చెప్పకుండా ఆత్మగౌరవం గురించి ఉపన్యాసం ఇచ్చే అలవాటు మన ఉద్యమాల్లో కొంచెం ఎక్కువే ఉంది.

నాది ప్రొద్దుటూరు శివారులో ఒక రేకుల షెడ్డు. ఒక కరెంటు సారె, పెరట్లో కట్టెల ఆవం, అప్పు చేసి కొన్న చిన్న గ్యాసు బట్టీ. మూడు రకాల సామాను తయారవుతుంది.

మొదటిది ఎండాకాలం నీళ్ల కుండ. శివరాత్రి దాటినప్పటి నుంచి మే చివరి దాకా ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో రోడ్డు పక్కన పెట్టి అమ్ముతాం. కుండ గోడ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. గోడలో సన్నటి ఖాళీలు ఉంటేనే అది జరిగేది. అందుకని మట్టిలో రంపపు పొట్టు జల్లించి కలుపుతాం. ఆవంలో ఆ పొట్టు కాలిపోయి ఖాళీలు మిగులుతాయి. ఎక్కువ కలిపితే కుండ కారుతుంది, తక్కువ కలిపితే చల్లబడదు. లాభం మాత్రం తక్కువ. బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో కుళాయి బిగించిన కుండలు దిగుతాయి, వాటి ధరకు మనం ఇవ్వలేం.

రెండోది వంట చట్టి. సంగటికి, పప్పుకు, చేపల పులుసుకు. నా షెడ్డు నిలబడింది దీని మీదే. మంట మీద పెట్టే చట్టికి మట్టి వేరే. మన నల్లరేగడి ఎండకు ఎట్లా నెర్రెలిస్తుందో చూశారు గదా, వట్టి బంకమట్టితో చేసిన చట్టి కూడా ఆరేటప్పుడు అట్లే చీలుతుంది. చెరువు ఒండ్రు, ఎర్రమట్టి, పెన్నా ఇసుక కలిపి తొక్కాలి. ఏది ఎంత అనేది ఏ పుస్తకమూ చెప్పదు, ఎందుకంటే మీ చెరువు మట్టి మా చెరువు మట్టి కాదు. కాల్చేటప్పుడు మొదటి మూడు నాలుగు గంటలు పొగ మంటే ఉండాలి. లోపలి తడి ఆరకముందే మంట పెంచితే చట్టి పేలిపోతుంది. ఆ తర్వాత 573 డిగ్రీల దగ్గర ఇంకో గండం. ఇసుకలోని క్వార్ట్జ్ అక్కడ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే కుంచించుకుపోతుంది. తెల్లారేసరికి అంగడికి పోవాలని వేడి వేడి ఆవం విప్పారంటే సగం సామాను అక్కడే పోతుంది. మా ఆవానికి కంపకట్టె, పిడకలు, చెనిక్కాయ పొట్టు. కొన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి రోజు బియ్యం కడిగిన నీళ్లు పోసి సన్న మంట మీద కాచండి, గంజి ఆ సన్న రంధ్రాలను మూసేస్తుంది.

మూడోది 1200 డిగ్రీలు దాటించి కాల్చే గట్టి సామాను. స్టోన్‌వేర్ అంటారు. కప్పులు, తినే తట్టలు, ఊరుబిండి గిన్నెలు. మన చెరువు మట్టి ఈ వేడికి కరిగి వాలిపోతుంది, కాబట్టి మట్టి సంచుల్లో బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. బెంగళూరులో అమ్ముడుపోయేది ఇదే. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. తక్కువ వేడికి కరిగే కొన్ని గ్లేజుల్లో సీసం ఉంటుంది. చింతపండు పులుసు, పెరుగు, నిమ్మకాయ తగిలితే ఆ సీసం తిండిలోకి దిగుతుంది. తినే గిన్నె ఎవరి దగ్గర కొన్నా, నా దగ్గర కొన్నా, సీసం ఉందా లేదా అని అడిగి కొనండి.

మంచి నెలలో ఖర్చులు పోను 20 వేలు మిగులుతాయి. వానలు పట్టిన నెలల్లో 6 వేలు మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. తడి ఆరదు, కట్టె మండదు. మొదటి రెండేళ్లు ఇంట్లో ఇంకొకరి సంపాదన లేకపోతే ఈ పనిలోకి దిగొద్దు. మా ఇల్లు నడిచింది మా ఆవిడ అంగన్‌వాడీ జీతంతో. ఆ మాట చెప్పకుండా నేను స్వయంకృషితో పైకొచ్చానని రాసుకుంటే అబద్ధం.

ఇప్పుడు రెండో సంగతి.

"అన్నా, టెర్రకోటలో బుద్ధుడిని చెయ్యి, బాబాసాహెబ్‌ను చెయ్యి, మనోళ్లే కొంటారు గదా" అని చాలామంది సలహా ఇస్తారు. మంచి సలహానే, డబ్బులు కూడా బాగానే వస్తాయి. కానీ నేను చేసేది వాడుకునే సామాను మాత్రమే. గోడకు తగిలించే బొమ్మ చేసిన చేతి కులం ఎవరూ అడగరు. అడిగినా ఆ బొమ్మకు వచ్చే నష్టం లేదు. నోటికి తగిలే కప్పు, అన్నం పెట్టుకునే తట్ట, మంచినీళ్ల కుండ, వీటి దగ్గరే అడుగుతారు. అంటరానితనం మొదటి నుంచీ పాత్రల చుట్టూ తిరిగిన వ్యవహారం.

మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుల గురించి చెప్పేచోట ఒక మాట ఉంది, అపపాత్రులు. అంటే వాళ్లు తిన్న పాత్రను ఇక ఎవరూ వాడకూడదు, పారెయ్యాలి. వాళ్లు తినాల్సింది పగిలిన పాత్రల్లో. చూడండి, ఒక మనిషిని నిర్వచించడానికి వాడు ముట్టుకున్న గిన్నెను కొలతగా తీసుకున్నారు. అయిదో అధ్యాయంలో ఏ పాత్రను ఎట్లా శుద్ధి చెయ్యాలో పెద్ద పట్టికే ఉంది. లోహాన్ని బూడిదతో, నీళ్లతో తోమితే సరి. మట్టి పాత్రను మళ్లీ కాల్చాలి. ఎంగిలి ఉమ్ము, నెత్తురు లాంటివి తగిలితే కాల్చినా పనికిరాదు. ఆ పుస్తకాన్ని బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టించాడు. అదే ఏడాది మార్చిలో అదే ఊరి చవదార్ చెరువులో నీళ్లు తాగడానికి వేలమందిని నడిపించాడు. చెరువూ పుస్తకమూ ఒకే గొడవ.

పీష్వాల కాలంలో పుణెలో మనవాళ్ల మెడకు మట్టి ముంత కట్టించారని, ఉమ్ము నేల మీద పడకూడదని అట్లా చేశారని ఆయన 1936లో కులనిర్మూలనలో రాశాడు. ఆ మెడలో ముంతను చిత్రకారుడు సవి సావర్కర్ మళ్లీ మళ్లీ గీశాడు. నేను సారె మీద ముంత లేపే ప్రతిసారీ కాదు గానీ, అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఆ ముంత కూడా ఎవరో ఒక కుమ్మరి చేసిందే. కూలి ఇచ్చారో లేదో.

మా జేజికి గ్లాసు లేదు. రెడ్ల ఇంటి దగ్గరైనా, ఎండాకాలం చలివేంద్రం దగ్గరైనా దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. మోచేతుల మీదుగా కారిపోయేవి సగం. ఇక మా జేజినాయన కపిల బానలు కుట్టేవాడు. తెలియని పిల్లల కోసం చెబుతున్నా, మోటార్లు రాకముందు ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు బాన అది. మాదిగ చేత్తో కుట్టిన చచ్చిన గొడ్డు తోలులో నీళ్లు పైకొచ్చి వరిమడికి పారేవి. ఆ వడ్లు దంచి వండుకుంటే మైల లేదు. అదే బావి గట్టున మా జేజి కుండ ఆనిస్తే మైల. 1985లో కారంచేడు మొదలైంది కూడా తాగే నీళ్ల దగ్గరే. మంచినీళ్ల చెరువును ఎందుకు పాడుచేస్తున్నారని అడిగినందుకు. మున్నంగి సువార్త తనను తాను కాపాడుకోవడానికి ఎత్తింది నీళ్ల బిందెనే.

ఇక నేను ఎట్లా నేర్చుకున్నానో చెప్పాలి. ఇక్కడ బీసీలను పొగడడమో తిట్టడమో చేసి తప్పించుకోవచ్చు, రెండూ చెయ్యను.

జమ్మలమడుగు అవతల పెన్నా వారన ఒక పల్లెలో కుమ్మరి పెద్దాయన దగ్గర చేరాను. కొడుకులిద్దరిలో ఒకడు ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో, ఇంకొకడు ఆటో మీద. సారె మూలన పడింది. "మామా, నాకు నేర్పిస్తావా" అంటే నా వైపు చాలాసేపు చూశాడు. "ఏ వాడ అబ్బీ మీది?" చెప్పాను. "మాదిగోళ్లకు ఏంటికి ఈ పని? మా పిల్లోల్లే వద్దని పోయినారు. దీంట్లో ఏముంది, నడుము నొప్పి తప్ప" అన్నాడు. అయినా మరుసటి రోజు మట్టి తొక్కమన్నాడు. ఆరు నెలలు తొక్కడమే. రాళ్లు ఏరడం, జల్లించడం, నానబెట్టడం, తొక్కడం. ఆ తర్వాత సారె. తర్వాత చెక్కతో తట్టడం. లోపల ఒక చేత్తో రాయి ఆనించి బయట చెక్కతో తడుతూ మందంగా ఉన్న అడుగును పెంచి గుండ్రం చేస్తారు. ఆ చప్పుడు వినే గోడ ఎంత మందముందో చెప్పేవాడు ఆయన. నాకు ఇప్పటికీ చేత్తో పట్టి చూస్తే తప్ప తెలియదు.

ఆయన ఏదీ దాచుకోలేదు. కానీ నీళ్లు? మొదటి వారం ఆ ఇంటి అత్త దూరం నుంచి చెంబుతో పోసింది. నేను దోసిలి పట్టలేదు. మరుసటి రోజు నా చేత్తో చేసిన వంకర ముంత ఒకటి ఆవంలో పెట్టి కాల్చుకున్నా. అందులో పొయ్యమన్నా. ఆమె పోసింది, నేను తాగాను. ఆ ముంతను చూరు కింద పెట్టుకున్నా, ఇంట్లోకి రాలేదు. నాలుగేళ్లు అది అక్కడే ఉంది. పెద్దాయన పోయినప్పుడు నేను వెళ్తే అత్త ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది, తర్వాత నీళ్లు తెచ్చింది. ఆ ముంతలోనే తెచ్చింది.

దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో మీరే ఆలోచించండి. మన రాష్ట్రంలో కుమ్మరులు బీసీ-బి. మధ్యప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో ఎస్సీ. వాళ్లను కూడా ఎవరూ పీటేసి కూర్చోబెట్టింది లేదు. మన కడప జిల్లా గోపవరం మాదంటే మాది అని చెప్పుకునే మొల్ల, కేసన కూతురు, తెలుగులో రామాయణం రాసిన మనిషి, ఆమెను ఇప్పటికీ కుమ్మరి మొల్ల అనే పిలుస్తాం. పోతనకు ముందు ఊరి పేరు పెడతాం, మొల్లకు ముందు కులం పేరు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్‌లో కుమ్మరి పనిని, తోలు పనిని శాస్త్రంగా చూడమంటాడు. ఆ పుస్తకంలో రెండూ ఉన్నాయి. ఊళ్లో మాత్రం చూరు కింద ముంత ఉంది.

పెద్దాయన దగ్గర నేర్చుకున్నాక గట్టి సామాను నేర్చుకోవడానికి పాండిచ్చేరి వైపు ఒక స్టూడియోలో ఎనిమిది నెలలు సహాయకుడిగా పని చేశాను. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్లు దేశమంతా స్టూడియోలు తెరిచారు, ఆ పరిసరాలన్నీ పింగాణీ పనికి కేంద్రమయ్యాయి. నేను పని చేసిన చోట గ్లేజు కలపడం, బట్టీ ఎక్కించడం శ్రద్ధగా నేర్పారు, ఆ రుణం ఉంది. కానీ ఆ ప్రపంచంలో ఒక విభజన గమనించాను. అదే సారె, అదే మట్టి. ఊరి కుమ్మరి తిప్పితే ఆర్టిజన్. డిజైన్ కాలేజీలో చదివి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు తిప్పితే ఆర్టిస్టు. మొదటివాడి కుండకు పేరుండదు, రెండోవాళ్ల కప్పు అడుగున సంతకం ఉంటుంది, ధరకు ఇంకో సున్నా ఉంటుంది. ఈ రెండింట్లో నేను ఎక్కడ? వంశపారంపర్యం లేదు, డిజైన్ కాలేజీ లేదు.

బెంగళూరు ఎగ్జిబిషన్‌లో కప్పు చేతిలోకి తీసుకోగానే అడుగుతారు. "మీది ట్రెడిషనల్ పాటర్స్ ఫ్యామిలీయేనా? ఎన్ని తరాల నుంచి?" చాలా ప్రేమగా అడుగుతారు. అవునని తల ఊపితే ఆ రోజు రెండు వందల కప్పులు పోతాయని నాకు తెలుసు. "లేదండీ, మాది మాదిగ కుటుంబం, మావాళ్లు తోలు పని చేసేవాళ్లు" అంటాను. కొందరు కప్పు మెల్లగా కింద పెట్టి పక్క బల్ల దగ్గరికి పోతారు. కొందరు ఇంకో రెండు ఎక్కువ కొంటారు, అది కూడా నాకు కొంచెం ఇబ్బందే. కప్పు పిడి బాగుందా, పెదవికి అంచు సరిగ్గా తగులుతుందా అని చూసి కొనేవాళ్లు తక్కువ.

(మట్టి మైలను పీల్చుకుంటుందని గదా వాళ్ల శాస్త్రం. స్టోన్‌వేర్ గాజులాగా గట్టిపడుతుంది, దాదాపు ఏమీ పీల్చుకోదు. ఆ శాస్త్రం ప్రకారం చూసినా నా కప్పు స్టీలు గ్లాసుతో సమానం. ఈ వాదన ఒకాయనకు చెప్పాను. నవ్వి పోయాడు.)

ప్రభుత్వానిది కూడా అదే ప్రశ్న. 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పర్యావరణ అనుమతి అక్కర్లేని తవ్వకాల జాబితాలో, కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలకు, ప్రమిదలకు, బొమ్మలకు చేత్తో తవ్వుకునే మట్టి ఉంది. ఆ మినహాయింపు వాళ్లకు ఉండాల్సిందే, నా తకరారు దాని మీద కాదు. పని పేరు రాయాల్సిన చోట కులం పేరు రాశారు. చెరువు దగ్గర నా ట్రాక్టరు ఆపిన మనిషి సరిగ్గా అదే అడిగాడు. "నువ్వు కుమ్మరోనివి కాదు గదా, ఏంటికి తవ్వుతాండావ్?"

2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. 18 వృత్తులు, శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, తర్వాత మొదట లక్ష, ఆపైన రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కుండల పని ఉంది, చెప్పుల పని ఉంది. దరఖాస్తు కోసం పోయిన చోట నా కులం కాగితం చూసిన పిల్లోడు, పాపం మంచి మనసుతోనే, "అన్నా, నీకు చెప్పుల ట్రేడ్ ఉంది గదా, దాంట్లో పెట్టుకో, తొందరగా వస్తాది" అన్నాడు. వాడిని తిట్టి లాభం లేదు. కుటుంబ ఆధారిత సంప్రదాయ వృత్తి అన్న మాట ఆ పథకంలోనే ఉంది. 1953లో మద్రాసులో రాజాజీ సగం పూట బడి, మిగతా సగం పూట ఇంటి వృత్తి అన్నాడు. కులవిద్య పథకమని పెరియార్ వాళ్లు వీధుల్లోకి వచ్చారు, 1954లో అది పోయింది. 2024 నవంబర్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ వంశపారంపర్య షరతు తీసేస్తే తప్ప విశ్వకర్మను అమలు చెయ్యమని కేంద్రానికి ఉత్తరం రాశాడు. మన రాష్ట్రంలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు నాకు కనబడలేదు. కులం అనేది పనిని పంచడం కాదు, పనివాళ్లను విడగొట్టి మెట్లుగా పేర్చడం అని బాబాసాహెబ్ చెప్పిన మాటను మనం గోడల మీద రాస్తాం. దరఖాస్తు ఫారంలో చదవం.

చివరిగా పులివెందుల సంగతి.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పుల మీద నిషేధం వచ్చాక మట్టి కప్పులకు గిరాకీ పెరిగింది. పులివెందుల పక్కన ఒక పల్లె టీ అంగడి నుంచి నెలకు 400 కప్పులు కావాలని ఆర్డర్ వచ్చింది. ఒకసారి తాగి పారేసే పలచటి కప్పులు, గ్లేజు అక్కర్లేదు. నాకు సంతోషమైంది. బెంగళూరు దాకా పోకుండా మన జిల్లాలోనే గిరాకీ. మొదటి నెల ఇచ్చాను. రెండో నెల సరుకు కట్టేటప్పుడు ఆ ఊరి మాదిగపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నీ కప్పులు మాకు మాత్రమే ఇస్తాండారు. రెడ్లకు, మిగతావాళ్లకు స్టీలు గ్లాసే."

నేను పోయి చూశాను. నిజమే. ఇంతకుముందు మనవాళ్లకు పేపర్ కప్పులు ఇచ్చేవాడు. పిల్లలు నిలదీసి, అట్రాసిటీ కేసు పెడతామన్నారు. మట్టి కప్పు తెస్తే నోరు మూతపడుతుందని లెక్క వేశాడు. "పట్నాలల్లో గొప్పోళ్లు తాగేది ఇదే గదన్నా, పదహైదు రూపాయల కప్పు టీ వీళ్లకు పది రూపాయలకే ఇస్తాండా. ఇంకేం కావాల?" అని నన్నే అడిగాడు. రెండు గ్లాసుల పద్ధతిని మన సంప్రదాయం, ఆరోగ్యం, పర్యావరణం అన్న మూడు మాటల్లో చుట్టి నా చేతే చేయించుకున్నాడు.

ఆర్డర్ ఆపేశాను. నెలకు నాలుగు అంకెల ఆదాయం, వానాకాలంలో అది చిన్నది కాదు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు టీ అంగడి ఎవరిదైనా అడిగితే ముందే చెబుతాను. అంగడిలో ఒకటే రకం పాత్ర ఉండాలి, నేను వచ్చి చూస్తాను. ప్రొద్దుటూరులో ఒకరు ఒప్పుకున్నారు. పిడి ఉన్న గట్టి కప్పులు, కడిగి అందరికీ అవే. కడిగే మనిషి ఎవరు అనేది ఇంకో భాగంలో రాస్తా. ఆ పల్లెలో పిల్లలు పదిమంది కలిసి పోయి స్టీలు గ్లాసులే అడిగారు. అంగడాయన మర్నాటి నుంచి అందరికీ పేపర్ కప్పులు పెట్టాడు. రెడ్లకు కూడా.

పంపకుండా ఆగిన 400 కప్పులు షెడ్డులో ఉన్నాయి. వాటిని దంచి, జల్లించి, వంట చట్టి మట్టిలో కలుపుతున్నాను. ఒకసారి కాలిన మట్టి పొడి కలిస్తే చట్టి ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుపోతుంది, మంట మీద తొందరగా చీలదు. ఇప్పటికి సగం దంచాం. ఎండాకాలం సెలవుల్లో పని నేర్చుకోవడానికి వస్తామన్నవాళ్లు రండి. మిగతా సగం దంచడంతో మొదలుపెడదాం. పాత బట్టలు తెచ్చుకోండి.